నోటిఫికేషన్ మన పేటకు ఎందుకు రాదు?

(పేట అంబేద్కర్ భవనంలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము కూలోళ్ల బిడ్డలం. మా ఇళ్లల్లో డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. చదువయ్యాక బడిపంతుళ్లమయ్యాం. పరిశోధన చేస్తే నెలనెలా డబ్బిస్తారన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. పెద్ద కులపోడికి మేనమామ చెబుతాడు, బాబాయి చెబుతాడు. మనకు నోటీసుబోర్డు మీది కాగితమే చెప్పాలి. అది మన కంటపడేసరికి గడువు దాటిపోద్ది.

అందుకే ముందు లెక్క చెబుతాం, రాసుకోండి. నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు. అందులో జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక 42,000. జె.ఆర్.ఎఫ్. వయసు 30 దాటకూడదు. మనకు అయిదేళ్ల సడలింపు ఉంది. అది రాకపోతే బతుకు ఆగిపోయినట్టు కాదు. 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన ఎస్.సి. జాతీయ ఫెలోషిప్ ఉంది. 2024 జూన్ నుంచి నెట్ మార్కులతో పీహెచ్.డి.లోనూ చేరొచ్చు. కానీ ఆ మార్కులు ఏడాదే చెల్లుతాయి.

ఇది ఎవరో వేసే ముష్టి కాదు. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ అందబట్టే బాబాసాహెబ్ కొలంబియా వెళ్లగలిగాడు. రావలసిన డబ్బు ఆగితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, ఆఖరి ఉత్తరంలో కూడా తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి రాయాల్సి వచ్చింది.

ఇక ఉద్యోగం. పట్టా ఉంటే చాలదు, రోస్టర్ తెలియాలి. యూనివర్సిటీ మొత్తాన్ని కాదు, ఒక్కో డిపార్ట్‌మెంటునూ లెక్కగట్టాలని 2017లో అలహాబాద్ హైకోర్టు అంది. 2018 మార్చిలో యు.జి.సి. ఉత్తర్వు తెచ్చింది. అదే 13 పాయింట్ల రోస్టర్. ఏడో పోస్టు ఎస్.సి.ది, పద్నాలుగోది ఎస్.టి.ది. నాలుగు పోస్టులున్న డిపార్ట్‌మెంటులో మన వంతు ఎన్నేళ్లకు వచ్చేను? 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది. రెండు రోజుల్లో ఆర్డినెన్స్, ఆ ఏడే చట్టం వచ్చాయి. కేంద్ర విద్యాసంస్థల్లో మళ్లీ సంస్థ మొత్తమే లెక్క అయింది. వీధికెక్కితేనే వచ్చింది, ఊరికే రాలేదు.

చట్టం వచ్చినా ఇంటర్వ్యూ గది మారలేదు. మా దగ్గర చదివిన ఒక చెల్లెలిని ఒక యూనివర్సిటీలో అడిగిన మొదటి ప్రశ్న: “మీ నాన్న ఏం చేస్తాడు?” “చెప్పులు కుడతాడు” అంది. ఆమె చేసిన పరిశోధన గురించి ఒక్క ప్రశ్న లేదు. తర్వాత “తగిన అభ్యర్థి లేరు” అని పోస్టు ఖాళీగా ఉంచారు. తగనిది ఆమె చదువా, వాళ్ల చూపా?

మాలో నెలనెలా జీతం తీసుకునే ప్రతి పంతులూ, ప్రతి గుమాస్తా ఒక పని నెత్తిన పెట్టుకోవాలి. నోటిఫికేషన్ పడ్డ రోజే పేటకు చేర్చాలి. కుల ధ్రువపత్రం ముందే తీయించాలి. ఫీజు లేనోడికి చందా వేసి కట్టాలి. రోస్టర్ లెక్కను సమాచార హక్కు కింద అడగాలి. చదువుకుని పేట దాటిన మేము ఈ మాత్రం చేయకపోతే, మా చదువు మా పొట్టకే. మీలో ఒక్కరు యూనివర్సిటీ గడప ఎక్కినా, వెనక వచ్చేవాళ్లకు కబురు చెప్పే మేనమామ దొరికినట్టే.

జై భీమ్!