వారసత్వమున కొరియా పాలు



పాశ్చాత్యుల యంత్రవిద్యను సుమారు అర్ధశతాబ్దములో వశపఱచుకొనిన జపాను తన పాత బొగ్గుగనులను, నౌకాశాలలను, యవాటా ఉక్కు కర్మాగారమును ప్రపంచ వారసత్వముగా గుర్తింపుమని కోరెను. 2015లో బాన్ నగరమున యునెస్కో వారసత్వ సంఘము 23 స్థలములకు ఆ గౌరవ మొసగెను. ఆసియా ఖండవాసుల మగుటచే మేమును సంతసించుచున్నాము.

కాని ఆ స్థలములలో నొకటియగు హషిమా ద్వీపపు గనిలో యుద్ధకాలమున కొరియావాసు లనేకులు నిర్బంధముగా పనిచేసిరి. ఆ వృత్తాంతమును తెలుపుదుమని జపాను వాగ్దాన మొనర్చెను. 2020లో టోక్యోలో సమాచార కేంద్రమును తెఱచెను. అయినను ఆ వాగ్దానము సంపూర్ణముగా చెల్లలేదని 2021లో ఆ సంఘమే తీవ్రవిచారము ప్రకటించెను. 2024లో మన ఢిల్లీ నగరమున సాడో గనులకు గుర్తింపు లభించినపుడును ఈ ప్రశ్నయే లేచెను.

ప్రపంచ వారసత్వ మనగా అందు కొరియా కూలివానికిని పాలు కలదనియే గదా! వాని కష్టమును మఱుగుపఱచి ఆ కీర్తి ననుభవించుట న్యాయము గాదని మా దృఢాభిప్రాయము.