నిషిద్ధాక్షరి

నా మనుమడు ఫోనులో ఆడే ఆట ఒకటి నిన్న చూచాను. రెండుసార్లు ఓడగానే, ఎక్కడ నొక్కాలో ఆ ఆటే వేలు చూపి చెప్పింది. మూడవసారి గెలిచాడు. గెలిచి, ఫోను ప్రక్కన పడవేసి ఆవులించాడు. ఓడితే పిల్లవాడు ఆట మానుతాడని అమ్మేవారి భయం. మన భయమూ అదే. దానికి ప్రేమ అని పేరు పెట్టుకొన్నాం.

మన సీమ పండితులకూ ఒక ఆట ఉన్నది, అవధానం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి, సి.వి. సుబ్బన్న శతావధాని గార్ల వలన ప్రొద్దుటూరు ఆ విద్యకు పుట్టినిల్లు వంటిదైనది. అష్టావధానంలో పృచ్ఛకులు 8 మంది. వారిలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుని పని అడ్డుపడడమే. అవధాని ఒక అక్షరం పలుకగానే, తరువాత రాదగిన అక్షరాన్ని ఊహించి అది వద్దంటాడు. ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా అవధాని వేరు దారి వెదకుకోవాలి. నడుమ అప్రస్తుతప్రసంగి పరిహాసాలు సరేసరి!

చాలా ఏండ్ల క్రితం, కర్నూలు మండలంలో ఒక ఆలయోత్సవాన నేను ఆ స్థానంలో కూర్చున్నాను. అవధాని చిన్నవాడు. జాలిపడి, అతడు ఎలాగూ పలుకని అక్షరాలనే నిషేధించాను. పద్యం చకచక నడిచింది. సభ చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి ప్రసాదం వద్ద అతడు మెల్లగా, "గురువుగారూ, నేను పనికిరాననుకొన్నారా?" అన్నాడు. నాకు మాట రాలేదు.

మరుసటి ఏడు అతడే వచ్చాడు. ఈసారి కనికరించలేదు. నృసింహస్వామిపై పద్యం, రెండవ పాదంలో చాలసేపు ఆగిపోయాడు. సభ ఊపిరి బిగబట్టింది. చివరికి నేను ఊహించని అక్షరమొకటి పలికి, నా వైపు చూచి నవ్వాడు.