బడి తాళం ఎవరి పిల్లలకు పడింది?

(మండల కేంద్రంలో తల్లిదండ్రుల సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



కరోనా కాలంలో బడులు తెరవాలా వద్దా అని 2021లో మన తెలంగాణలో పెద్ద చర్చ నడిచింది. మాట్లాడిందెవరు? ఇంట్లో కంప్యూటరు, నెట్టు ఉన్నోళ్లు. వాడలో తల్లుల్ని అడిగినోడు లేడు.

2020 మార్చిలో బడికి తాళం పడింది. వైన్ షాపులు మే నెలలోనే తెరిచారు. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు బడి తలుపు తెరుచుకున్నది 2021 సెప్టెంబర్ 1న. ఏడాదిన్నర! దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలన్నారు. ఉన్న ఒక్క ఫోను కూలికిపోయే తండ్రి జేబులో ఉంటే ముగ్గురు పిల్లలు ఏం చదువుతారు? పత్తి ఏరబోయారు. బడిలో వండిన అన్నం, గుడ్డు పోయింది. మూడో తరగతిలో తన పేరు రాసిన పిల్ల ఐదుకొచ్చేసరికి అక్షరాలు కూడబలుక్కుంటున్నది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

తీరా బడులు తెరిచే ముందురోజు హైకోర్టు గురుకులాలను ఆపింది. అక్టోబర్ దాకా ఆగినయి. కోర్టు భయం ఉత్తదేం కాదు. ఒకే హాల్లో పదుల మంది పక్కపక్కన పండుకునే చోట రోగం ఆగుతుందా? కాని మన పిల్లల్ని అట్లా కుక్కిందెవరు? గదులు కట్టకుండా ఏండ్లకేండ్లు నడిపి, రోగమొచ్చిననాడు తాళమేస్తే అది రక్షణ ఎట్లయితది?

టీచర్లలోనూ భయపడ్డోళ్లున్నరు. ఊడ్చే మనిషి లేని బడిలో ఎవరికి భయముండదు?

సోమవారం ప్రజావాణికి పోదాం. మన గురుకులంలో పిల్లలెందరు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, రాసివ్వమని కలెక్టరును అడుగుదాం. తల్లులు ముందుండాలె.

జై భీమ్!