కూలి తూచే కాంటాకు ముద్ర ఉందా?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



తూనికలు, కొలతలు అనగానే మనకు రేషన్ షాపు, పెట్రోలు బంకు, కిరాణా కొట్టు గుర్తొస్తాయి. అంటే కాంటా ముందు మనల్ని మనం కొనుక్కునేవాళ్లుగానే చూసుకుంటున్నాం. కానీ ఎందరో స్త్రీల శ్రమ కూడా కాంటా మీదే తూగుతోంది. ఈ రోజు ఆ కాంటా గురించి మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట పత్తి కూలీల గురించి అధ్యయనం చేస్తూ వరంగల్ వైపు ఒక ఊళ్లో ఉన్నాను. పత్తి ఏరేది ఎక్కువగా స్త్రీలే. అక్కడ కూలి కిలోల లెక్కన ఇస్తారు. సాయంత్రం చేను గట్టున చెట్టుకొమ్మకు స్ప్రింగు కాంటా వేలాడదీసి ఒక్కొక్కరి మూట తూస్తారు. ముల్లు చూసేది యజమానే, రాసుకునేదీ ఆయనే. ఒకరోజు కిరాణా కొట్టు నుంచి ముద్ర ఉన్న పది కిలోల ఇనప రాయి అడిగి తెచ్చి ఆ కొక్కేనికి తగిలించాం. ముల్లు తొమ్మిది దగ్గర ఆగిపోయింది. పది రోజులు ఏరితే ఒకరోజు ఊరికే చేసినట్టు! నేను నిర్ఘాంతపోయాను. వాళ్లకు ఆశ్చర్యమేమీ లేదు. "మాకు ఎరుకనే మేడం. మోసిన నెత్తికి తెల్వదా బరువెంతో?" అంది ఒకామె. తెలిసీ అడగలేదు. అడిగితే మర్నాడు పనికి పిలవరు.

అప్పుడు చట్టం తిరగేశాను. 1976 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం స్థానంలో 2009లో లీగల్ మెట్రాలజీ చట్టం చేశారు. అది 2011 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులో 'లావాదేవీ'కి ఇచ్చిన నిర్వచనం మనందరం చదవాలి. అమ్మకాలు, కొనుగోళ్లే కాదు, చేసిన పనినీ, రావలసిన కూలినీ లెక్కకట్టడం కూడా లావాదేవీయే. లావాదేవీకి వాడే కాంటాను తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. రాళ్లకూ త్రాసులకూ రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాంటాలకు ఏడాదికోసారి మళ్లీ చేయించాలి. అంటే చేను గట్టున వేలాడే కాంటా కూడా చట్టం పరిధిలోనిదే.

కిలోను కాపాడటానికి ఎంత ఏర్పాటు ఉందో చూడండి. మన దేశపు కిలో ప్రమాణం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంటుంది. అక్కణ్నుంచి ప్రాంతీయ ప్రయోగశాలలు, రాష్ట్ర ప్రమాణాలు, చివరకు ఇన్‌స్పెక్టరు చేతిలోని రాళ్లు - పైదానితో కిందిదాన్ని సరిచూస్తూ వస్తారు. 2019 మే 20 నుంచి ప్రపంచమంతా కిలోను లోహపు దిమ్మతో కాక ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తోంది. ఇంత సూక్ష్మమైన శాస్త్రం బజారు దాకా వచ్చి, పొలం గట్టు ఎక్కకుండా ఆగిపోతోంది. బజారులో గంప పెట్టుకున్న కూరగాయలామె తక్కెడ లాక్కోవడం నేను చూశాను. చేనులో కాంటాను తనిఖీ చేయడం మాత్రం ఒక్కసారీ చూడలేదు. చట్టం కళ్లకు ఎవరు కనబడతారన్నది కూడా అధికార సంబంధాల ప్రశ్నే.

ఇక ఆ ముద్ర ఎవరి చేతిలో ఉంది? ఈ శాఖలో అధికారి కావాలంటే ఫిజిక్సు ఒక సబ్జెక్టుగా సైన్సు డిగ్రీ కావాలి. లేదంటే ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ, అదీ కాకపోతే ఇంజనీరింగ్ డిప్లొమాతో మూడేళ్ల అనుభవం ఉండాలి. రాంచీలోని భారత లీగల్ మెట్రాలజీ సంస్థలో శిక్షణ ఇస్తారు. ఆడపిల్లకు ఫిజిక్సు ఎందుకని ఇంటర్‌లోనే తప్పించే ప్రతి ఇల్లూ ఈ తలుపు కూడా మూసేస్తోంది. స్త్రీ అధికారి అయినంత మాత్రాన న్యాయం దానంతటదే జరుగుతుందని నేను అనను. కానీ పత్తి ఏరిన తల్లి కూతురు ఇన్‌స్పెక్టరయితే, తనిఖీకి వెళ్లాల్సిన చోట్లలో చేను గట్టు కూడా ఉందని ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

మనం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, ప్రతి సంఘం ముద్ర వేయించిన కాంటా ఒకటి కొని ఉంచుకోవాలి. రెండు, కాంటా మీద ఫిర్యాదు ఒక్క కూలీ పేరున కాక సంఘం పేరున ఇవ్వాలి. అప్పుడు ఒక్కామె పని పోదు. మూడు, వసతి గృహాల్లో ఉన్న మన పిల్లలకు ఈ ఉద్యోగం గురించి చెప్పాలి.

కూలి రేటు కోసం మనం ఎన్నో ధర్నాలు చేశాం. రేటు రూపాయి పెరిగినప్పుడు సంతోషించాం. ఆ రూపాయిని కాంటా వెనక్కి లాక్కుంటోందేమో ఇకనైనా చూద్దాం.