ఫోన్ ఎవరి జేబులో ఉంది?
(కొత్తచెరువు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 ఎన్నికలకు ముందు మా ఇంటికి సర్వే కుర్రాడొకడు వచ్చాడు. వాకిట్లో శనక్కాయలు ఒలుస్తున్నాను. "ఈసారి ఎవరికేస్తారమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన లోపలినుంచి "మా ఇంట్లో నాలుగు ఓట్లూ ఫలానా పార్టీకే, రాసుకో" అన్నాడు. వాడు రాసుకున్నాడు. ఆ నాలుగింట్లో నాదొకటి, మా అత్తదొకటి. నేనూ ఊరుకున్నాను. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఇంటికొచ్చినవాడు నయం. ఫోన్‌లోనైతే రికార్డు గొంతు "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అంటుంది. ఆ ఎన్నికల్లో తెలుగుదేశం అభ్యర్థుల ఎంపికకు కూడా ఇలాంటి ఫోన్ సర్వేలే చేసింది. ఆ ఫోన్ ఎవరి జేబులో ఉంటుంది? టీ అంగడి దగ్గర అడిగితే అక్కడ కూర్చునేదెవరు? అప్పటి జాబితాలో మన రాష్ట్రంలో ఆడ ఓటర్లు సుమారు 2.10 కోట్లు, మగవాళ్లు 2.03 కోట్లు. ఎక్కువమంది మనమే, లెక్కకొచ్చే మాట వాళ్లది.

ఈ జోస్యాలూ చూశాం. 2018లో తెలంగాణ గురించి, 2019లో మన రాష్ట్రం గురించి లగడపాటి రాజగోపాల్ చెప్పినవి రెండూ తలకిందులయ్యాయి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 151 సీట్లొచ్చాయి. 2024 జూన్ 1న కొందరు మళ్లీ ఆ పార్టీయే అన్నారు. జూన్ 4న దానికి మిగిలినవి 11.

తప్పితే తప్పాయి, మనకేం అనకండి. "ఫలానావాళ్లదే గాలి" అని టీవీ నెల్లాళ్లు ఊదరగొడితే, ఆ మాటే ఇంట్లో "గెలిచేవాడికెయ్యి, ఓటు పాడుచెయ్యకు" అయి మన మీదికొస్తుంది. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు టీవీల్లో ఈ సర్వేలు చూపకూడదని చట్టముంది. ఇంట్లో ఒత్తిడికి ఏ గడువూ లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు ప్రశ్న వాళ్లే వేశారు. పత్రికలు వాళ్ల వెనక నడిచాయి. 1994లో మన హిందూపురం నుంచి గెలిచిన ఎన్టీఆర్ మద్యనిషేధానికి మాటివ్వక తప్పలేదు. 1995లో అమలు చేశారు. 1997లో ఎత్తేసేటప్పుడు మాత్రం మనల్ని అడిగిందెవరు?

మొన్న మా ఇంట్లో మళ్లీ ఫోన్ మోగింది. నేనే తీశాను. ఈ సర్వేకి డబ్బెవరిస్తున్నారు, ఇవాళ ఎంతమంది ఆడవాళ్లతో మాట్లాడావు అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత పెట్టేశాడు.