పట్టణపు పద్దులో పౌరుల పాత్ర

పురపాలక సంఘమునకు పన్ను చెల్లించువారము మనము. కాని ఆ సొమ్ము ఏ వీధి దీపమునకు, ఏ మురుగు కాలువకు వ్యయము కావలెనో నిర్ణయించునపుడు మనము అచట నుండము.

బ్రెజిల్ దేశములోని పోర్టో అలెగ్రె నగరమున 1989లో వేరొక పద్ధతి మొదలైనది. పేటపేటలో జనులు సభ తీర్చి, ముందు కావలసినది మంచినీరా, మురుగు కాలువయా, రహదారియా యని వరుస నిర్ణయించి, ప్రతినిధుల నెన్నుకొనిరి. సొమ్ము పంచునపుడు జనసంఖ్యతోపాటు ఆ పేటలోని కొరతను గూడ లెక్కించిరి. తీర్మానమునకు ముందు ప్రతినిధులు బస్సులలో ఇతర పేటలను చూచి వచ్చెడివారు. తన వీధికి రోడ్డు కోరి వచ్చినవాడు, పొరుగు పేటకు మురుగు కాలువయే లేదని స్వయముగా చూచినపుడు, ఎవరి వంతు ముందో తానే తెలిసికొనును.

2017లో అచటి పాలకులు ఈ పద్ధతిని తాత్కాలికముగా నిలిపివేసిరి. పాలకుల యిష్టముపైననే ఆధారపడిన హక్కు గట్టిది కాదు.

మన రాజ్యాంగపు 74వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. 3 లక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల పురములలో వార్డు సంఘములు ఏర్పడవలెనని అది విధించినది. ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1న ఆరంభమగును. అంతకు మునుపే మనము పేటలో కూడి, కావలసిన పనులను వరుసగా వ్రాసి వార్డు ప్రతినిధికి అందజేయుదము. సంవత్సరాంతమున ఏ పని జరిగినదో లెక్క అడుగుదము.