కెర్నెల్‌లో వర్కర్ థ్రెడ్లు: క్షేమంగా ముగించడం ఎలా?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నెల్. డిస్కు పనులు, నెట్‌వర్కు పనులు తెరవెనుక చేయడానికి అది కొన్ని వర్కర్ థ్రెడ్లను నడుపుతుంది. వీటిని సృష్టించడం సులువే. ముగించడంలోనే చిక్కంతా ఉంది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఒక పరికరపు డ్రైవర్‌ను తొలగిస్తున్నాం అనుకోండి. దాని కోడ్ ఉన్న మెమరీని కెర్నెల్ వెనక్కి తీసుకుంటుంది. కానీ డ్రైవర్ థ్రెడ్ ఇంకా ఆ కోడ్‌నే నడుపుతుంటే? మామూలు ప్రోగ్రాంలో ఇలా జరిగితే ఆ ప్రోగ్రాం ఒక్కటే ఆగుతుంది. కెర్నెల్‌లో జరిగితే కంప్యూటరే స్తంభించవచ్చు. ఆ మెమరీని ఈలోగా వేరే పనికి ఇచ్చి ఉంటే, అక్కడి డేటా చడీచప్పుడు లేకుండా పాడైపోవచ్చు.

మరి పరిష్కారం ఏమిటి? లినక్స్‌లో ‘కెథ్రెడ్ స్టాప్’ అనే ఫంక్షన్ ఉంది. అది మొదట ‘ఇక ఆగు’ అనే గుర్తు పెడుతుంది. తర్వాత, థ్రెడ్ నిద్రలో ఉంటే లేపుతుంది. చివరగా, అది ముగిసేదాకా వేచి ఉంటుంది. థ్రెడ్ కూడా తన వంతుగా ఆ గుర్తును తరచు చూసుకుంటూ, పట్టుకున్న లాక్‌లను విడిచి బయటపడాలి. బలవంతంగా మధ్యలో తుంచేస్తే, ఆ లాక్‌ల కోసం మిగతా థ్రెడ్లు ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. థ్రెడ్ ‘నిద్రపోబోతున్నాను’ అని ముందు నమోదు చేసి, ఆ తర్వాతే గుర్తును చూడాలి. ఈ క్రమం తారుమారైతే, మధ్యలో వచ్చిన మేలుకొలుపు వృథా అవుతుంది. థ్రెడ్ లేవదు, దాని కోసం ఆగినవారూ కదలరు.

థ్రెడ్ తనంతట తానే ముందుగా ముగిసిపోతే? దాని రికార్డు చెరిగిపోయి, ఆపబోయే వారి చేతిలో పాత చిరునామా మిగులుతుంది. అందుకే ఆ రికార్డును ఎందరు వాడుతున్నారో కెర్నెల్ లెక్క పెడుతుంది. ఆపవలసినవారు ముందే ఆ లెక్కలో చేరి ఉండాలి. లెక్క సున్నా అయ్యాకే రికార్డు మెమరీ విడుదలవుతుంది.

ఇక స్టాక్ సంగతి. ప్రతి థ్రెడ్ చివరి క్షణం వరకూ తన స్టాక్ మీదే నడుస్తుంది. దాన్ని తానే విడుదల చేసుకుంటే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్లే కదా! అందుకే అదే ప్రాసెసర్‌పై తర్వాత నడిచే థ్రెడ్ ఆ బాధ్యత తీసుకుంటుంది.

గుర్తుంచుకోండి: ఆగమని చెప్పడం వేరు, ఆగిందని తెలుసుకోవడం వేరు. రేపు మీరు ల్యాబ్‌లో థ్రెడ్లతో ప్రోగ్రాం రాసినా వరుస ఇదే. చెప్పండి, లేపండి, వేచి ఉండండి, ఆ తర్వాతే మెమరీని విడుదల చేయండి.